బ్యాకప్ ఉన్న త్యాగం

నా కంప్యూటర్ బల్ల మీద, మానిటర్ పక్కన ఒక బొమ్మ నిలబడి ఉంటుంది. జానెడు కూడా ఉండదు. నల్ల గౌను, తెల్ల జుట్టు, కళ్ళకి నల్లటి గంతలు, వీపున కత్తి. వీడియో కాల్‌లో ఎవరో ఒకరి కంట పడుతుంది. "అదేంటి బాస్?" అంటారు. "మా అమ్మాయిదండీ" అని చాలాకాలం అబద్ధం చెప్పాను. నలభై దాటినవాడు బొమ్మలతో ఆడుకుంటున్నాడంటే బావుండదు కదా! కానీ బొమ్మ నాదే. పేరు 2బి. 'నియర్: ఆటోమటా' అనే వీడియో గేమ్‌లో ఆండ్రాయిడ్. ఫోన్లో ఉండేది కాదు లెండి, మనిషి రూపంలో ఉన్న యంత్రం.

ఆ ఆట 2017 ఫిబ్రవరిలో జపాన్‌లో పీఎస్4 మీద వచ్చింది. దర్శకుడు యోకో తారో, తయారుచేసింది ప్లాటినం గేమ్స్, విడుదల చేసింది స్క్వేర్ ఎనిక్స్. కథ జరిగేది 11945వ సంవత్సరంలో. గ్రహాంతరవాసులు పంపిన యంత్రాలు భూమిని ఆక్రమించుకుంటాయి. మనుషులు చంద్రుడి మీద తలదాచుకున్నారని, వాళ్ళ కోసమే యుద్ధం చేస్తున్నామని ఆండ్రాయిడ్లు నమ్ముతుంటాయి. 2బి పోరాడే రకం, ఆమెతో తిరిగే 9ఎస్ అనే కుర్రాడు ఆరాలు తీసే రకం. చచ్చిపోయినా ఫర్లేదు. జ్ఞాపకాల కాపీ పైన స్థావరంలో ఉంటుంది, దాన్ని కొత్త శరీరంలోకి ఎక్కిస్తారు. ఆడుతుంటే మొదట్లో నాకు మా ఆఫీసు డిజాస్టర్ రికవరీ డాక్యుమెంటు చదువుతున్నట్టే అనిపించింది!

(ఆట ఆడే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగిపోండి. ఇకపై అన్నీ చెప్పేస్తాను.)

అసలు సంగతేమిటంటే, 2బి అసలు పేరు 2ఇ. ఆమె పని 9ఎస్‌ని చంపడం. అతను తెలివైనవాడు, తవ్వి తవ్వి ప్రతిసారీ నిజం దగ్గరికి వచ్చేస్తాడు. మనుషులు ఎప్పుడో అంతరించిపోయారన్న నిజం. వచ్చినప్పుడల్లా ఈమె చంపాలి. అతను మళ్ళీ పాత కాపీతో లేచి, కొత్తగా పరిచయం చేసుకుని నవ్వుతూ వెనక తిరుగుతాడు. అతనికి గుర్తుండదు. ఈమెకి ఉంటుంది. ఇది తెలిశాక మొదటి సగంలో ఆమె పొడిపొడి మాటలన్నీ వేరేగా వినపడతాయి.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ముగింపు గురించి. ఈ ఆటకి ఏ నుంచి జెడ్ దాకా 26 ముగింపులున్నాయి. ఐదోదాంట్లో, తయారుచేసినవాళ్ళ పేర్లు తెరమీద వస్తుంటే ఆ పేర్లతోనే యుద్ధం చెయ్యాలి. ఒక్కడివల్ల అవడం చాలా కష్టం. ఓడిపోతూ ఉంటే, ప్రపంచంలో ఎక్కడెక్కడి ఆటగాళ్ళో రాసిన ధైర్యవచనాలు కనిపిస్తాయి. చివరికి వాళ్ళ ఓడలే వచ్చి మన చుట్టూ నిలబడతాయి. మనకి తగలాల్సిన దెబ్బ వాళ్ళకి తగులుతుంది. గెలిచాక ఆట ఒక ప్రశ్న అడుగుతుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి ఇలాగే సాయం చేస్తావా? చేస్తే నీ సేవ్ డేటా అంతా పోతుంది. ఆ సాయం నీదని అవతలివాడికి తెలిసే పూచీ కూడా లేదు.

2018లో ఒక శనివారం అర్ధరాత్రి దాటాక నేను "ఊఁ" అన్నాను. నేను ఏరుకున్న వస్తువులు, ఆయుధాలు, మ్యాపు... మెనూలో ఒక్కొక్క పేజీ కళ్ళముందే ఖాళీ అయిపోయింది. రెండు నెలల రాత్రులు. కళ్ళు తడిశాయని ఒప్పుకోడానికి సిగ్గేం లేదు.

మన వృత్తిలో డిలీట్ అనేది ఒక మర్యాద మాట, మీకూ తెలుసు. టేబుల్లో 'ఈజ్ డిలీటెడ్' అని ఒక కాలమ్ పెట్టి అందులో 1 వేస్తాం, కస్టమర్‌కి కనపడదు, డేటా మాత్రం భద్రంగా ఉంటుంది. పదిహేనేళ్ళుగా అదే పని చేస్తున్న నాకు, జీవితంలో మొదటిసారి ఒకటి నిజంగా తుడిచేశాను అనిపించింది. సోమవారం ఆఫీసులో కొంచెం గర్వంగా కూడా తిరిగాను.

ఆ గర్వం వారం రోజులే. వేరే పని మీద పీఎస్ ప్లస్ క్లౌడ్ తెరిచి చూస్తే... నా సేవ్ అక్కడే ఉంది! ప్లేస్టేషన్ నిద్రపోతున్నప్పుడు తనంతట తానే ఎక్కించేసిన కాపీ. ఆ సెట్టింగు ఆన్ చేసింది నేనే. అంటే నా మహాత్యాగం కూడా 'ఈజ్ డిలీటెడ్ = 1' బాపతే అన్నమాట.

డిలీట్ బటన్ పక్కనే ఉంది. నొక్కలేదు. డౌన్‌లోడ్ కూడా చెయ్యలేదు. "తర్వాత చూద్దాం" అని మూసేశాను. బగ్ ట్రాకర్లో 'డిఫర్డ్' అని పడేస్తామే, అలా.

2019లో పనిమీద టోక్యో వెళ్ళినప్పుడు అకిహబారాలో ఒక సెకండ్ హ్యాండ్ బొమ్మల దుకాణంలో ఈ 2బి కనపడింది. స్క్వేర్ ఎనిక్స్ వాళ్ళదే, 'బ్రింగ్ ఆర్ట్స్' అనే వరసలోది. పెట్టె మీద చిన్న చీటీ అంటించి ఉంది. తోడొచ్చిన సహోద్యోగిని చదవమంటే "పెట్టె తెరిచినది, కుడి మోకాలు వదులు" అన్నాడు. లోపాన్ని ముందే చెప్పి అమ్మే పద్ధతి నాకు భలే నచ్చింది. మన రిలీజ్ నోట్సులో 'నోన్ ఇష్యూస్' ఇంత నిజాయితీగా ఎప్పుడైనా రాశామా? కొనేశాను.

ఇలాంటి బొమ్మల్లో అందం కీళ్ళల్లో ఉంటుంది. మెడ, భుజం, మోచెయ్యి, నడుం, మోకాలు, అన్నీ తిరుగుతాయి. విగ్రహం అయితే శిల్పి ఇచ్చిన భంగిమలోనే ఉండిపోతుంది. దీన్ని మనం నిలబెట్టుకోవాలి. కాలు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే పడిపోతుంది. మా 2బి, ఆ మోకాలి పుణ్యమా అని, రోజుకోసారి పడేది. వదులైన కీలుకి రంగులేని గోళ్ళరంగు పల్చగా పూసి ఆరనిస్తే పట్టు వస్తుందని సేకరించేవాళ్ళందరికీ తెలిసిన చిట్కా. మా ఆవిడని సీసా అడిగితే "ఇంకా నయం, చీర అడగలేదు" అంది. గౌను గురించి కూడా ఒక మాట అంది, అది ఇక్కడ రాయను. తప్పని కూడా అనను, ఆ రూపం గీసినప్పుడు మగ చూపుని కాస్త దృష్టిలో పెట్టుకునే గీశారు.

ఇంకో విషయం తెలిసింది. వీటిల్లో మెత్తటి భాగాలు పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం వేడికి మెల్లగా పైకి వస్తుంది, బొమ్మ జిగటగా తయారవుతుంది. హైదరాబాద్ ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవాలి. పాడవకూడదని పెట్టెలో మూసి దాస్తే గాలాడక ఆ జిగట ఇంకా పేరుకుంటుంది. అంటే భద్రంగా దాచినదే ముందు పాడవుతుంది!

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఒకరోజు పొద్దున్నే చూస్తే 2బి నిలబడి లేదు. కీబోర్డు అంచు మీద కూర్చుని ఉంది, కాళ్ళు వేలాడేసుకుని. కత్తి తీసి పెన్ స్టాండులో పెట్టి ఉంది.

"ఎందుకమ్మా అలా కూర్చోబెట్టావు?"

"కాలు నొప్పి కదా నాన్నా, ఎంతసేపు నుంచుంటుంది?"

తర్వాత, "కళ్ళకి గంతలెందుకు?" అంది.

ఆటలో అది సైనికుల సామగ్రి అని చెప్పొచ్చు. "దానికి ఒక విషయం తెలుసు. కళ్ళు చూస్తే పక్కవాడికి తెలిసిపోతుందని దాచుకుంటుంది" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "చెప్పేస్తే అయిపోతుంది కదా" అని స్కూలుకి వెళ్ళిపోయింది.

క్లౌడ్‌లో కాపీ ఏమైందంటారా? నేను డిలీట్ చెయ్యలేదు. 2020లో పీఎస్ ప్లస్ చందా కట్టడం మానేశాను, అంతే. చందా లేనివాళ్ళ సేవ్‌లు కొన్నాళ్ళు ఉంచి తీసేస్తారు. ఆ రోజు ఏ రోజో కూడా నేను చూసుకోలేదు. ఎవరికోసమో నేను ఇస్తానన్నది చివరికి అలా పోయింది, ఎవరి చెయ్యీ పడకుండా, బిల్లు కట్టక.

అందుకే ఆ బొమ్మ అక్కడ ఉంది. ఇష్టమైన పాత్ర అని కొన్నమాట నిజమే, కానీ ఉంచుకున్నది అందుకు కాదు. ఏదైనా "తర్వాత చూద్దాం" అనేముందు ఒకసారి అటు చూస్తాను. చాలాసార్లు చూశాక కూడా తర్వాతకే పడేస్తాను, అది వేరే విషయం.

మొన్న కాల్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, "సార్, అది మీ పాపదా?" అని.

"కాదు, నాదే" అన్నాను. "మోకాలు కొంచెం వదులు."