ఒక్కరోజులో బందరు

సిద్దిపేటలో నీళ్లు చూడాలనిపిస్తే కోమటిచెరువు ఉంది, రంగనాయక సాగర్ ఉంది. సముద్రమంటే మాత్రం లెక్కలు వేసుకోవాలి. మచిలీపట్నానికి, అదే బందరుకి, రానూపోనూ 700 కిలోమీటర్ల పైనే. రాత్రి బయల్దేరి, మర్నాడు పొద్దుగూకాక తిరుగుముఖం పడితే తప్ప కుదరదు. బాపట్ల దగ్గరి సూర్యలంక చాలదా అంటున్నారు ఇంట్లోవాళ్లు. స్నానాలకే అయితే చాలు. నాకు మాత్రం బందరే కావాలి. అది మన గోల్కొండ రేవు మరి!

కుతుబ్‌షాహీల సరుకు ఓడలెక్కింది అక్కడే. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వచ్చి కోఠీలు పెట్టారు. వాళ్ల కన్ను ముఖ్యంగా మన బట్టల మీద. ఇక్కడి అద్దకం గుడ్డలు తూర్పు దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులు మిరియాలు, జాజికాయలు తెచ్చుకునేవారు. తర్వాత్తర్వాత ఆ వైభవం సన్నగిల్లింది. మిగిలిందాన్ని 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ముంచేసింది. దాదాపు 30,000 మంది పోయారు.

తెల్లవారేసరికి మంగినపూడి బీచ్, ఎండ ముదరకముందే డచ్చి సమాధులు, ఆపైన పెడన. అక్కడ ఎక్కువసేపు ఉండాలి. మా సిద్దిపేట గొల్లభామ చీర మీద బొమ్మను మగ్గం మీదే నేస్తారు. పెడన కలంకారీలో అయితే కరక్కాయ నీళ్లలో నానబెట్టిన గుడ్డ మీద చెక్క అచ్చుతో అద్దుతారు. ఆ చేతులు ఆడే తీరు చూడాలని నా ఆశ.

బందరు లడ్డూకి గంట ఎక్కువంటోంది మా ఆవిడ. జాబితాలోంచి లైట్‌హౌస్ కొట్టేశాను, లడ్డూ ఉంచాను.