లైబ్రరీ తెచ్చిన తంటా

కంపెనీ అమ్మకం ఖాయమైందని మా యజమానులు స్వీట్లు పంచిన వారంలోనే కొనేవాళ్ల లాయరమ్మ నుంచి మెయిల్ వచ్చింది. మా హాస్పిటల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మేం రాయని కోడ్ ఏమేం ఉంది, దేని లైసెన్సు ఏమిటి అని. స్థలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే. హైదరాబాద్‌లోని మా చిన్న ఆఫీసులో దానికి జవాబు తెలిసినవాళ్లు లేరు. మొదటి వెర్షన్ రాసినవాళ్లు ఎప్పుడో అమెరికా వెళ్లిపోయారు. పని నా మీద పడింది.

స్కాన్ చేస్తే రెండు బయటపడ్డాయి. ఒకటి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ క్లయింట్ లైబ్రరీ. మా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాంలోనే దాన్ని కలిపేశారు. ఒకప్పుడు కాస్త సడలింపున్న ఎల్‌జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న ఆ లైబ్రరీ 4.0 వెర్షన్ నుంచి జీపీఎల్ కిందికి వెళ్లింది. అలాంటి కోడ్ కలిసిన ప్రోగ్రాం కాపీని బయటివాళ్లకు ఇస్తే మొత్తం సోర్సునూ అవే షరతులతో ఇవ్వాలి. అది కుదరదంటే హక్కుదారు దగ్గర వాణిజ్య లైసెన్సు కొనుక్కోవాలి. స్వీడన్‌లో మైఎస్‌క్యూఎల్ ఏబీ చాలావరకు బతికింది ఈ వ్యాపారం మీదే. 2008లో సన్ చేతికి, 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లినా పద్ధతి అదే. నాకైతే అందులో అన్యాయం కనిపించలేదు. షరతులు రాసిన ఫైలు మా ఫోల్డర్లోనే ఉంది, ఎవరూ తెరవలేదు, అంతే. అదే సాఫ్ట్‌వేర్‌ను మా సర్వర్లో ఉంచి బ్రౌజర్లో చూపించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు, కాపీ మా గడప దాటదు కాబట్టి. మాదేమో ఖమ్మం, గుంటూరు, కరీంనగర్ ఆసుపత్రులకు వెళ్లి ఇన్‌స్టాల్ చేసి వచ్చే సరుకు.

రెండోది ల్యాబ్ మాడ్యూల్‌లోని బర్కిలీ డీబీ అనే డేటాబేస్ లైబ్రరీ. 2013లో 6.0తో అది జీపీఎల్ కన్నా కఠినమైన ఏజీపీఎల్‌కు మారింది. మాది 5.3 కదా అని ఊపిరి పీల్చుకున్నాను. లాయరమ్మ పాత లైసెన్సు తీసి నాచేత చదివించారు. దాన్ని వాడిన సాఫ్ట్‌వేర్‌ను పంచితే దాని సోర్సు కూడా అందుబాటులో ఉంచాలని అందులోనూ ఉంది.

బర్కిలీ డీబీ స్థానంలో ఎస్‌క్యూలైట్ పెట్టడం తేలికే. రాసినవాళ్లు కాపీరైటే వదులుకున్న కోడ్ అది. మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ తీసి మరియాడీబీవాళ్ల ఎల్‌జీపీఎల్ కనెక్టర్‌ను విడి డీఎల్‌ఎల్‌గా పెట్టాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కే మారిపోదామన్నారొకరు. దాని లైసెన్సులో ఈ తలనొప్పి లేదు, నిజమే. కానీ స్టోర్డ్ ప్రొసీజర్లన్నీ తిరగరాయాలి, అంత గడువు ఎవరిస్తారు?

కోడ్ మార్చడం ఒక ఎత్తు, ఊరూరా తిరిగి పాతది తీసి కొత్తది పెట్టడం ఒక ఎత్తు. క్యాజువాలిటీ కౌంటరు ఎప్పుడూ మూయరు. కరీంనగర్లో తెల్లవారుజామున కొత్త వెర్షన్ పెట్టగానే తెలుగులో ఉన్న పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. కొత్త కనెక్టర్ వేరే క్యారెక్టర్ సెట్ పట్టుకుంది. అప్పుడే కౌంటరు దగ్గర ఒకాయన నిలబడి, "మా నాయన పోయిండు సార్, బిల్లు జేస్తే తీస్కపోతం" అన్నాడు. క్యాషియర్ చేత్తో రాసిచ్చింది. నేను తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. సెట్టింగు ఒక్క లైను. దాన్ని కనుక్కునేసరికి బయట టీ బండి వచ్చేసింది.

ఈలోగా జీతాలు ఆగాయి. అమ్మకం డబ్బు వస్తే అన్నీ ఒకేసారి ఇస్తామన్నారు. మా ఆవిడకు కారణం చెప్పబోతే, "ఫ్రీగా దొరికినదానికి డబ్బెందుకండీ?" అంది. మా యజమానులు కూడా అచ్చం అదే అడిగారు.

అన్నీ మార్చాక లాయరమ్మ ఇంకొకటి ఎత్తారు. మైఎస్‌క్యూఎల్‌ది జీపీఎల్ రెండో వెర్షన్. షరతు తప్పితే హక్కులు వాటంతటవే రద్దవుతాయి. తప్పు సరిదిద్దుకున్నవాళ్లకు హక్కులు తిరిగొచ్చే వెసులుబాటు మూడో వెర్షన్లో ఉంది, రెండులో లేదు. కొత్త కాపీలు శుభ్రంగానే ఉన్నాయి, మరి ఇన్నేళ్లుగా ఇచ్చిన పాతవాటి మాటేమిటి? హక్కుదారుకు మనమే రాసి పరిష్కరించుకోవాలా, ఊరుకోవాలా అని యజమానులు రోజుల తరబడి వాదించుకున్నారు. చివరికి రాయలేదు. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు.

కొనేవాళ్లు ఆ పాత కాపీలనే చూపించి ధర తగ్గించారు. రేపు ఎవరైనా దావా వేస్తే ఖర్చులకని మరికొంత సొమ్ము మధ్యవర్తి చేతిలో ఉండే ఎస్క్రో ఖాతాలో పెట్టించారు. మా జీతాల బకాయి వచ్చింది. బోనస్ మాత్రం ఆ ఎస్క్రోలోంచే ఇస్తామని కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆ ఎస్క్రో గడువు ఇంకా తీరలేదు.