కాగితం మీద మాత్రం రాయరు

అమ్మకి గుంటూరులో రేడియేషన్ మొదలైన నాలుగో రోజు, ఇంటికి తిరిగొస్తూ ఫిరంగిపురం దాటుతుండగా కారు డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. 2024 ఫిబ్రవరి 15, గురువారం. ముందు సీట్లో ఉన్న అమ్మే మొదట చూసింది. "ఏరా, ఎవరో పొట్ట మీద బంతి పెట్టుకుని కూర్చున్నట్టుంది, ఏంటది?" అంది. రోజూ తాళం తిప్పగానే వెలిగి, ఐదారు సెకన్లలో ఆరిపోయే బొమ్మే అది. నాలుగేళ్ళ పైబడి దాన్ని నేను చూసీ చూడనట్టే ఉన్నాను. ఆ రోజు నరసరావుపేటలో ఇంటి ముందు కారు ఆపేదాకా ఆరలేదు.

రాత్రి గ్లవ్ బాక్సులోంచి కారు పుస్తకం తీశాను. 2019 దసరాకి కొన్న కారు, ఆ పుస్తకం తెరవడం అదే మొదటిసారి. ఆ దీపం ఆరకపోతే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో లోపం ఉన్నట్టని, గుద్దుకున్నప్పుడు బ్యాగులు తెరుచుకోకపోవచ్చని, ఆలస్యం చెయ్యకుండా చూపించమని ఉంది. గుద్దుకోగానే సీటుబెల్టుని గట్టిగా బిగించే ప్రిటెన్షనర్ కూడా ఈ వ్యవస్థలోదేనట. బెల్టు పెట్టుకున్నాం కదా అన్న ధైర్యం కూడా సగమైపోయింది.

అమ్మని వెనక కూర్చోమన్నాను. వెనక కూర్చుంటే ఆమెకి పది కిలోమీటర్లకే వాంతులు. అసలే రేడియేషన్ వల్ల తిండి సయించడం లేదు. మొత్తం 25 సిటింగులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, వెళ్ళడం 45 కిలోమీటర్లు, రావడం 45. అది మిరప సీజను. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎత్తుకున్న లారీలన్నీ గుంటూరు మిర్చి యార్డు వైపే. వాటి మధ్య నుంచి, ఎర్ర దీపం ముందు పెట్టుకుని, ముందు సీట్లో అమ్మని కూర్చోబెట్టుకుని వెళ్ళాలి.

మర్నాడు అమ్మని ఆసుపత్రిలో దించి, కారుని గుంటూరులోని కంపెనీ సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళాను. సర్వీస్ అడ్వయిజర్ కుర్రాడు మర్యాదస్తుడే. స్కానర్ పెట్టారు. గంట తరువాత వచ్చి, "సీటు కింద పసుపు కనెక్టరు లూజయింది సార్, క్లీన్ చేసి రీసెట్ చేశాం, 1,180 అయింది" అన్నాడు. వారంటీ ఉంది కదా అన్నాను. క్లీనింగుకి వారంటీ వర్తించదన్నాడు. ఆసుపత్రి నుంచి ఫోను వస్తోంది, అమ్మ బయటికొచ్చి కూర్చుందని. డబ్బు కట్టి, చూపించిన చోట సంతకం పెట్టేశాను. "పని సంతృప్తికరంగా జరిగింది" అనే వాక్యం కింద ఆ సంతకం పడిందని తరువాత చూసుకున్నాను. 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. చదవకుండా సంతకం పెట్టొద్దని కౌంటరు ముందుకొచ్చిన వందల మందికి చెప్పినవాణ్ణి.

సరిగ్గా వారానికి, పదో సిటింగు రోజున, పేరేచర్ల దగ్గర దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి ఒంటరిగా రాలేదు. స్టీరింగు ఎడమకి తిప్పితే హారన్ మోగడం లేదు, సూటిగా ఉంటే మోగుతోంది. స్టీరింగు మీద పాటల సౌండు పెంచే బటన్లూ అంతే. గేదెలు అడ్డమొస్తే హారన్ కొట్టడానికి స్టీరింగు సరిచేసుకోవాల్సిన పరిస్థితి.

ఆ శనివారం మా ఊళ్ళో తెలిసిన మెకానిక్‌కి చూపించాను. అతని చేతి స్కానర్ ఇంజను కోడ్‌లు చదువుతుంది, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదవదు. అయినా హారన్ సంగతి వినగానే జబ్బు పట్టేశాడు. "క్లాక్ స్ప్రింగ్ పోయింది బాబాయ్" అన్నాడు. పేరుకి స్ప్రింగే కానీ అది నిజంగా స్ప్రింగు కాదు. స్టీరింగు వెనక ప్లాస్టిక్ డబ్బాలో రిబ్బన్‌లాంటి పల్చటి తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. చక్రం ఎటు తిప్పినా తెగిపోకుండా చుట్ట బిగుస్తూ, వదులవుతూ, లోపలున్న ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కరెంటు అందిస్తుంది. అది ఒక చోట చిట్లితే ఈ లక్షణాలన్నీ కట్టగట్టుకుని వస్తాయి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "షోరూము వాళ్ళు పదీ పన్నెండు వేలు లాగుతారు. వెయ్యి ఇవ్వు, దీపం ఆర్పేస్తా" అన్నాడు. ఎలా అంటే, బ్యాగు తీగల మధ్య రెండు ఓమ్‌ల చిన్న రెసిస్టరు పెడతాడట. కంప్యూటరు దాన్ని చూసి బ్యాగు క్షేమంగా ఉందనుకుంటుంది. దీపం ఆరుతుంది. బ్యాగుకి మాత్రం కనెక్షన్ ఉండదు. ఇంత చల్లగా చెప్పాడంటే ఇలాంటివి ఎన్ని కార్లకి చేశాడో. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు తాళం తిప్పినప్పుడు ఆ దీపం అసలు వెలుగుతోందా లేదా చూడమని ఇప్పుడు నేను అందరికీ చెబుతున్నాను. వెలగకపోతే బల్బు పీకేసి ఉండొచ్చు. వెలిగి ఆరిందంటే బ్యాగు ఉన్నట్టేనా అంటే, అదీ పూచీ లేదు. కంపెనీ స్కానర్‌తో చూపించుకోవాలి.

సోమవారం మళ్ళీ సర్వీస్ సెంటరు. ఈసారి వాళ్ళూ క్లాక్ స్ప్రింగే అన్నారు. మరి పది రోజుల కిందట 1,180 దేనికి తీసుకున్నట్టు? జవాబు లేదు. ఎస్టిమేటు 11,600. మూడేళ్ళ కంపెనీ వారంటీ మీద రెండేళ్ళకి అదనంగా డబ్బు కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాను. అక్టోబరు దాకా ఉంది. కారు 58 వేలు తిరిగింది, లక్ష దాకా పరిమితి. ఇక పేచీ ఏముంటుందనుకున్నాను.

"సీట్ కవర్లు బయట వేయించారు కదా సార్, వారంటీ పోయింది" అన్నాడు కుర్రాడు. సీటు కవరుకీ స్టీరింగులోని రిబ్బనుకీ ఏమిటి సంబంధం అన్నాను. ఎలక్ట్రికల్ వ్యవస్థ మొత్తం ఒకటే అన్నాడు. ఇంటికొచ్చి ఫైలు వెతికితే, ఆ సీట్ కవర్లు కారు డెలివరీ రోజున వాళ్ళ యాక్సెసరీస్ కౌంటర్లోనే కొన్న బిల్లు దొరికింది. మర్నాడు చూపించాను. అప్పుడు కారణం మారింది. "అది అరిగిపోయే పార్టు సార్, బ్రేక్ ప్యాడ్‌లలాగా" అన్నాడు. వారంటీ పుస్తకంలో అరిగే భాగాల జాబితా ఉంది. బ్రేక్ ప్యాడ్‌లు, క్లచ్, వైపర్లు, బల్బులు ఉన్నాయి. క్లాక్ స్ప్రింగ్ లేదు. అదీ చూపించాను. "మేం క్లెయిమ్ పెట్టాం సార్, కంపెనీ రిజెక్ట్ చేసింది" అన్నాడు మూడోసారి.

"సరే నాయనా, ఆ రిజెక్షన్ కాపీ ఇవ్వు."

"అది సిస్టమ్‌లో ఉంటుంది సార్, ప్రింటు రాదు."

బ్యాంకులో లోను తిరస్కరిస్తే కారణం రాసిచ్చేవాళ్ళం. ఇక్కడ మూడు రోజుల్లో మూడు కారణాలు విన్నాను, ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. ఇన్సూరెన్స్ ఏజెంటుని అడిగితే, యాక్సిడెంటు వల్ల పోతేనే ఇస్తారు, దానంతటది చెడిపోతే పాలసీలోకి రాదని తేల్చేశాడు. అతను చెప్పింది పాలసీలో రాసే ఉంది. కాబట్టి అతని మీద నాకు కోపం రాలేదు.

ఆ మధ్యాహ్నం మేనేజరుని కలిశాను. గొడవ పడలేదు. తెల్లకాగితం ముందు పెట్టి, "పోనీ ఒకటి రాసివ్వండి. ఈ దీపం వెలుగుతుండగా ఈ కారు నడపడం క్షేమమే అని రాసి స్టాంపు వెయ్యండి, నేను వెళ్ళిపోతాను" అన్నాను. ఆయన కాగితం వైపు చూశాడు. "అలా ఎలా రాస్తాం సార్" అన్నాడు. "అయితే క్షేమం కాదని రాయండి." అదీ రాయనన్నాడు. "నడపొచ్చు సార్, ఏం కాదు, జాగ్రత్తగా వెళ్ళండి" అని నోటితో మాత్రం మూడుసార్లు చెప్పాడు.

రెండు రోజులు అద్దె కారు మాట్లాడాను. ఆ డ్రైవరు లారీలని దాటే తీరుకి అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. "నీ ఎర్రబొమ్మ కారే నయంరా" అంది. అలా మొత్తం పది రోజులు ఆ దీపంతోనే తిరిగాను. యాభై దాటనివ్వలేదు. మహాశివరాత్రికి ముందు కోటప్పకొండకి ప్రభలు కదులుతున్న రోజుల్లో ఊరి రోడ్లన్నీ జనం, ట్రాక్టర్లు. ఎవరైనా సడన్ బ్రేకు వేస్తే నా కుడికాలి కన్నా ముందు ఎడమచెయ్యి లేచేది, అమ్మకి అడ్డంగా. గుద్దుకుంటే ఆ చెయ్యి దేనికీ పనికిరాదని తెలుసు. సెకనులో పదో వంతు కూడా పట్టకుండా ఎయిర్‌బ్యాగ్ చేసే పని అది. అయినా చెయ్యి లేచేది.

ఫిబ్రవరి 28న రెండు పనులు చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. కారు కంపెనీకీ డీలరుకీ వేర్వేరుగా రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాను, అక్నాలెడ్జిమెంటుతో. ఒక్క పేజీ. తేదీలు, కిలోమీటర్లు, మూడు కారణాలు, సీట్ కవర్ల బిల్లు కాపీ, మేనేజరు రాయనన్న సంగతి. చివర 15 రోజుల గడువు. లాయరు మిత్రుడు రెండు విషయాలు చెప్పాడు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కారణం పుట్టిన రెండేళ్ళలోపు వెయ్యాలి. ఢిల్లీ-పానిపట్ హైవే మీద 2017లో జరిగిన ప్రమాదంలో బ్యాగులు తెరుచుకోని కేసు గురించి కూడా చెప్పాడు. కారు ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దుకుందో లెక్కలు కట్టడానికి కొనుగోలుదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని ఆ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అందట. ఆ మాట నాకు ఎంతో బలమిచ్చింది.

మార్చి 11న కంపెనీ నుంచి ఫోను. చాలా తియ్యగా మాట్లాడిందామె. వారంటీ కింద రాదు కానీ 'గుడ్‌విల్' కింద పార్టు ఉచితంగా ఇస్తాం, లేబరు 1,770 మీరు కట్టుకోండి అంది. గుడ్‌విల్ అంటే దయ. నాకు రావలసింది హక్కు. ఒప్పుకోకూడదు. కానీ అమ్మకి ఇంకా ఐదు సిటింగులున్నాయి. ఒప్పుకున్నాను. ఆ ఫోను పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

13న పని చేశారు. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగారు. దాచుకున్న కరెంటు పోకముందే ముట్టుకుంటే బ్యాగు పేలొచ్చట. అరగంటలో పని అయిపోయింది. దీపం వెలిగి, ఆరింది. తెగిన పాత పార్టు ఇవ్వమని అడిగాను. అడ్వయిజర్ కుర్రాడు అలవాటుగా అనేశాడు: "వారంటీ కింద మార్చినవి కంపెనీకి వెనక్కి పంపాలి సార్."

"వారంటీ కిందా, గుడ్‌విల్ కిందా?" అన్నాను. నాలుక కరుచుకున్నాడు. ఈసారి జాబ్ కార్డు మొత్తం చదివాను. 'సంతృప్తికరంగా' అన్న వాక్యం కొట్టేసి, పాత పార్టు ఇవ్వడానికి నిరాకరించారని, వారు చెప్పిన కారణం ఇదీ అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. కాపీ తీసుకున్నాను.

మార్చి 18తో అమ్మ సిటింగులు అయిపోయాయి. ఇప్పుడు చెకప్‌కి వెళ్ళేటప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటుంది. నేను తాళం తిప్పగానే ఆ బొమ్మ ఆరేదాకా చూసి, "ఆ, పద" అంటుంది.

1,180కీ 1,770కీ కలిపి 2,950 రూపాయలకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. డబ్బుతో పాటు ఇంకొకటి కూడా అడిగాను: నా క్లెయిమ్ ఎందుకు తోసిపుచ్చారో సంతకంతో రాసిన కాగితం. ఇవాళ్టికి అది రాలేదు.