జోకరు మీద రాసిన తొమ్మిది

పేకలో ఒక ముక్క పోయిందని పేకంతా పారేసిన ఇల్లు మా ప్రాంతంలో నేను చూడలేదు. కళావరు తొమ్మిది పోయిందనుకోండి, జోకరు మీద ఇంకుతో ‘కళావరు 9’ అని రాసి కలిపేస్తారు. రాయగడలో గాని, కొరాపుట్‌లో గాని, ఆ రెండింటి మధ్యా సొరంగాల్లోంచి పోయే రైల్లో గాని ఇలాంటి జోకర్లతో ఎన్ని ఆటలాడామో లెక్కలేదు. “ఇది అసలుది కాదు” అని ఎవరూ పేచీ పెట్టలేదు.

మొన్న దసరాకి మా మనవడు విశాఖపట్నం నుంచి ఒక కొత్తరకం పేకతో దిగాడు. ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అట. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే ఆయన తయారుచేసిన ఆట. మన పేకలాగ అందరికీ అవే 52 ముక్కలు కావు. ఎవరి పేక వాళ్లు కొని కూర్చుకోవాలి. మొదటి ఏడాది అచ్చయిన ‘బ్లాక్ లోటస్’ అనే ముక్క ఒక్కటే లక్షల రూపాయలు పలుకుతుంది. అలాంటి పాతముక్కలు కొన్నింటిని మళ్లీ అచ్చువేయబోమని కంపెనీవారు 1996లో మాటిచ్చారు. ఇక అవి చవకయ్యేదెప్పుడు?

మావాడి పేకలో సగం ముక్కలు కాగితం మీద అచ్చు తీసుకున్నవే. ప్లాస్టిక్ తొడుగులో ఒక చవక ముక్క పెట్టి, దాని ముందు ఈ కాగితం దూర్చాడు. వీటిని ‘ప్రాక్సీ’లంటారు. స్నేహితుల మధ్య నడుస్తాయి. కంపెనీ గుర్తింపు ఉన్న పోటీల్లో నడవవు. ఆట మధ్యలో ముక్క పాడైతే అక్కడి ప్రధాన న్యాయనిర్ణేత బదులు ముక్క తయారుచేసి ఇవ్వొచ్చు గాని, ఆటగాడు తనంతట తాను చేసుకోకూడదు. ఆ బదులు ముక్క కూడా ఆ పోటీ వరకే చెల్లుతుంది.

“తాతా, ఓడితే ఆట రాక ఓడాలి గాని డబ్బు లేక ఓడడమేమిటి?” అన్నాడు వాడు.

ఆ మాట సబబుగానే తోచింది. మా చిన్నప్పుడు పార్వతీపురం నుంచి తెలుగు వాచకం ఒక్కటి వస్తే, మా వీధి పిల్లలం నలుగురం నోటుబుక్కుల్లో ఎక్కించుకుని చదివాం. నీ పుస్తకం అచ్చుదా, చేతిరాతదా అని పరీక్షలో ఎవరడిగారు? పాఠం వచ్చిందా లేదా అనే చూశారు.

అయితే రెండో పక్కా ఉంది. పోటీ పెట్టే దుకాణదారుకి గది అద్దె, కరెంటు ఖర్చు ముక్కలమ్మితేనే గిట్టుతాయి. పైగా తొడుగులో కాగితం చేరితే మందం మారుతుంది, వేలికి తెలిసిపోతుంది. మన జోకరు ఎందుకు చెల్లింది? దాని వీపు మిగతా ముక్కల వీపులాగే ఉంది కనుక. ముఖాన ఏం రాసినా ఫరవాలేదు, వీపు చూసి గుర్తుపట్టామా, ఆట చెడినట్టే. ఆ లెక్కన మూల విరిగిన అసలు ముక్క కన్నా రాసిన జోకరే నయం.

మన ఒడిశా గంజపా పేక సంగతి చూడండి. గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, గుండ్రంగా కోసి, చేత్తో రంగులు వేసిన ముక్కలవి. ఒకటి పోతే చిత్రకారుడు ఇంకోటి వేసిస్తాడు. అన్నీ చేత్తో వేసినవే కనుక దాన్ని నకలు అనే నోరెవరికీ లేదు.

నాకు తోచిన తేడా ఒక్కటే. ‘నేను ఫలానా ముక్కకి బదులు వచ్చాను’ అని తన ముఖం మీదే చెప్పుకునేది బదులు ముక్క. అసలుదానిలా నటించి అమ్ముడుపోయేది దొంగముక్క. మొదటిదానికి ఎదుటివాడి ఒప్పుదల చాలు. రెండోదానికి ఎవరి ఒప్పుదలా చాలదు.

మావాడితో అదే అన్నాను. ఎక్కడ వద్దంటారో అక్కడ ఉన్న ముక్కలతోనే ఆడు, మిగతాచోట్ల ముందే చెప్పి ఆడు అని. అమెరికాలోనూ కంపెనీతో సంబంధం లేని పోటీల్లో పది, పదిహేను బదులు ముక్కల వరకు ఒప్పుకుంటారని వాడే చెప్పాడు. తమ హాస్టల్లో అలాంటి పోటీ పెడతాడట. నోటీసు తెలుగులో రాసిమ్మని నన్నడిగాడు. రాసిచ్చాను: “బదులు ముక్కలు ఎన్నైనా చెల్లును. రాత మాత్రం ఎదుటివారు చదవగలిగేలా ఉండవలెను.”