అవ్వ పాట, పదకొండు గంటల కంప్యూటర్

కొంచెం పెద్ద పోస్టే, ఓపికతో చదవండి. మన పాటలు, ఆటలు ఫోన్లో తీసి దాచిపెడుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తదని రాస్తున్న.

దీపావళి దండారీ రోజుల్ల మా అవ్వ గోండీలో పాడుతుంటే ఫోన్లో 4కే వీడియో తీసిన. 40 నిమిషాలది, 13 జీబీ దాటింది. చిన్నగ చేసి మెమరీ కార్డుల్ల ఊరందరికీ ఇద్దామనుకున్న.

ఇంట్ల ఉన్నది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్. ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్. హ్యాండ్‌బ్రేక్‌ల పెడితే 11 గంటలు పడుతదని చూపించింది. రాత్రి పెట్టి పడుకుంటే నడిజామున కరెంటు పోయింది. మల్ల మొదటికే వచ్చింది. రెండో రాత్రీ అంతే. టౌన్ల రిపేర్ షాపాయన "గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలె, 9 వేలు" అన్నడు. బాపు పత్తి పైసలు ఇస్తనన్నడు. అప్పు కట్టాల్సిన పైసలవి. నాకు మనసొప్పలే.

కొనేముందు అసలు ఎక్కడ ఆగుతుందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచిన. ప్రాసెసర్ 3.2 గిగాహెర్ట్జ్‌ల నడవాలె, 0.8 దగ్గర కూలబడ్డది. వేడి చూపించే వేరే యాప్‌ల చూస్తే వంద డిగ్రీల దగ్గరుంది. వేడెక్కితే కాలిపోకుండ ప్రాసెసర్ తనకు తానే వేగం తగ్గించుకుంటది. డబ్బా విప్పితే ఫ్యాన్ నిండ పత్తి నూగు! పత్తి పోసే అర్రలనే కంప్యూటర్ పెట్టుకున్నం మరి. బ్రష్‌తో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసేసి కొత్తది పూసిన. 11 గంటలు 4 గంటలైంది.

తర్వాత సెట్టింగులు చూసిన. నాణ్యత కోసమని 'స్లో' పెట్టి, 4కే సైజు అట్లనే ఉంచిన. ఊర్ల చూసేది చిన్న ఫోన్లల్ల. 1080కి దించితే చుక్కలు నాలుగో వంతే ఉంటయి. 'ఫాస్ట్' పెట్టిన. గంట లోపే అయింది. ఆఖరికి ఎన్‌కోడర్‌ను ఇంటెల్ క్యూఎస్‌వీకి మార్చిన. ప్రాసెసర్‌లనే వీడియో కోసం వేరే భాగం ఉంటదట, అన్ని రోజులు అది ఖాళీగనే కూసుంది. 25 నిమిషాలల్ల పని ముగిసింది. ఫైల్ కొంచెం పెద్దగ వస్తది, అంతే. ఆడియోను మాత్రం ముట్టుకోలే, ఉన్నదున్నట్టే ఉంచిన. పాట కదా.

ఒక్క మాట గుర్తుంచుకోండి. చిన్న ఫైల్ వచ్చిందని అసలుది డిలీట్ చెయ్యకండి. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ కొంత పోతది, పోయింది మల్ల రాదు. రెండు చోట్ల దాచండి.

అవ్వకు చూపించిన. మొత్తం విని, "నడుమ ఒక చరణం మర్చిపోయిన, మల్ల పాడుత, తియ్యి" అన్నది. 11 గంటల కంప్యూటరే ఉంటే "తర్వాత తీద్దాం అవ్వా" అనేటోన్ని. ఇప్పుడు వెంటనే ఫోన్ తీసిన.