ఆగితేనే వేడెక్కే కారు

మా పాత కారుకి పరుగెత్తుతున్నప్పుడు ఒళ్ళు కాలదండీ. ఆగితేనే కాలుతుంది. గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు హైవే మీద ముల్లు బుద్ధిగా మధ్యలోనే ఉంటుంది. బెంజిసర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో 5 నిమిషాలు నిలబడితే చాలు, ఎర్రగీత వైపు పాకడం మొదలెడుతుంది.

మొన్న వేసవంతా ఇదే గొడవ. "2003 నాటి బండి, ఇంకెన్నాళ్ళు? తుక్కుకి వేసేద్దాం" అన్నారు మావారు. అది మావయ్యగారు రిటైరైన డబ్బుతో కొన్నది. ఆయన పోయి 6 ఏళ్ళయింది. అత్తయ్యగారు పైకి ఏమీ అనలేదు గానీ, ఆ పూట మజ్జిగన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. పైగా ఆవిడని నెలనెలా గుండె పరీక్షకి విజయవాడ తీసుకెళ్ళాలి. బస్సు మెట్లు ఎక్కలేరు. కొత్త కారా, అది పెద్దాడి ఫీజులు అయ్యాక మాట.

మొదట చూపించిన షెడ్డులో రేడియేటరే మార్చాలి, 9000 అవుతుందన్నారు. నాకు కారు నడపడం రాదు. కానీ ఇంట్లో కూర్చుని ఆలోచించడానికి లైసెన్సు అక్కర్లేదుగా! రేడియేటర్ పూడిపోతే హైవే మీద ఇంకా ఎక్కువ వేడెక్కాలి కదా, ఇంజన్ ఎక్కువ కష్టపడేది అక్కడే. పరుగులో ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. నిలబడ్డప్పుడు ఆ గాలి ఉండదు కాబట్టి వెనకాల ఫ్యాన్ తిరగాలి. కిటికీలోంచి గాలి వస్తున్నంతసేపూ విసనకర్ర ఎక్కడుందో ఎవరికీ గుర్తురాదు, అలాగన్నమాట. మా ఫ్యాన్ తిరగడం లేదు. అంతే.

ఆ నెల తిరుగు ప్రయాణంలో మావారు హీటర్ పెట్టారు. ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుందట. నిజమే, ముల్లు దిగింది. మే నెలలో కారులో హీటర్! అత్తయ్యగారు ఆడపడుచు ఇంట్లో ఉండిపోయారు కాబట్టి సరిపోయింది. నేను మాత్రం మంగళగిరి దాటేసరికి ఆవకాయ జాడీలో ముక్కలా ఊరిపోయాను.

ఇంటి దగ్గర వేరే మెకానిక్ కుర్రాణ్ణి పిలిచాం. ముందు బండి పూర్తిగా చల్లారాక కూలెంట్ చూశాడు, నిండుగానే ఉంది. (వేడి మీద ఆ మూత తీయకూడదు. లోపల నీళ్ళు ప్రెషర్ కుక్కర్లో లాగే ఉంటాయి. విజిల్ తీసేయకుండా కుక్కర్ మూత లాగామా ఎప్పుడైనా?) తర్వాత ఏసీ వేయమన్నాడు. మా కారులో రెంటికీ ఒకటే ఫ్యాన్. ఏసీ వేయగానే గిర్రున తిరిగింది! అంటే మోటారు బాగుంది, దాని ఫ్యూజూ బాగుంది. మరి వేడికెందుకు తిరగదు? కూలెంట్ 90 డిగ్రీలు దాటాక ఫ్యాన్‌కి కరెంటు పంపే చిన్న స్విచ్చొకటి ఉంటుంది. దాని వైర్లు ఊడదీసి, రెంటినీ ముక్క తీగతో కలిపాడు. మళ్ళీ తిరిగింది. దొంగ దొరికాడు. ఊడదీసిన చోట రాగిబిందెకి పట్టినట్టు పచ్చగా చిలుము. కొత్త కార్లలో అదంతా కంప్యూటర్ చూసుకుంటుందట, అలా వైర్లు కలపకూడదన్నాడు.

ఇక్కడే నాకూ అతనికీ చిన్న వాదన. "స్విచ్చి కోసం తిరగడం దేనికమ్మా, డైరెక్ట్ చేసేస్తా, తాళం తిప్పగానే తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు. చాలా పాత బళ్ళకి అలాగే చేస్తారట. అవసరం ఉన్నా లేకపోయినా తిరిగితే మోటారు ఎన్నాళ్ళుంటుంది బాబూ? చలికాలం పొద్దున్న ఇంజన్ వేడెక్కాల్సినప్పుడు కూడా విసురుతూ కూర్చుంటుందా? నేను ఒప్పుకోలేదు. మావారు మధ్యలో ఏదో అనబోయి ఊరుకున్నారు. కుర్రాడు నవ్వి, ఆటోనగర్ వెళ్ళి స్విచ్చి తెచ్చాడు. చిలుము గీకి బిగించాడు. మజూరీతో కలిపి 850.

ఇంజన్ ఆన్‌లో పెట్టి వాకిట్లోనే నిలబడ్డాం. ముల్లు మధ్య దాటింది, ఇంకాస్త ఎక్కింది. నేను వంగి చూడబోతుంటే కుర్రాడు "అమ్మా, పైట జాగ్రత్త, అది చెప్పి తిరగదు" అన్నాడు. అనడం, ఫ్యాన్ అందుకోవడం ఒక్కసారే. ముల్లు మెల్లగా దిగింది.

పాడైన స్విచ్చిని పారేయబోతుంటే అత్తయ్యగారు అడిగి తీసుకున్నారు. మావయ్యగారి రెంచీల పెట్టెలో వేశారు. "ఎందుకండీ అది?" అన్నాను. "ఉండనీవే, నీకేం అడ్డం?" అన్నారు.