మా అమ్మాయికి చదువు రాదనుకున్నా



ఈ వారం మందుల గురించి, యార్డులో మిర్చి రేట్ల గురించి కాదు. అవి అడిగినవాళ్లకు రెండు రోజుల్లో చెబుతా. ఇవాళ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మాయిని అడిగే చెబుతున్నా. "నా పేరూ కాలేజీ పేరూ పెట్టకు నాన్నా. మిగతాదంతా చెప్పు, ఎవరికన్నా పనికొస్తుంది" అంది. పోస్టు కాస్త పొడుగే. ఓపిగ్గా చదవండి. చదవడం కష్టమైనవాళ్లు ఫోన్ చేతే చదివించుకోండి, అదెలాగో కూడా కింద ఉంది.

తను ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి మా చేలో పూత రాలిపోతుంటే, ఆకు ముడుచుకుంటుంటే నేను మామూలు బొబ్బర అనుకుని మందు కలుపుతున్నా. తను ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపింది. నల్లగా, సన్నగా కదులుతున్నాయి. "ఇది నల్ల తామర పురుగు నాన్నా. పువ్వులో దాక్కుంటుంది" అంది. ఎక్కడ నేర్చుకున్నావంటే శాస్త్రవేత్తల వీడియోలు విన్నానంది. ఒక్కసారి వింటే చాలు, మళ్లీ పొల్లు పోకుండా చెబుతుంది.

అదే పిల్ల బీఎస్సీలో చేరి మొదటి ఏడాదిలోనే మూడు పేపర్లు ఫెయిలయింది. అందులో ఒకటి వృక్షశాస్త్రం. మొక్కల గురించి నాకు చెప్పే పిల్ల మొక్కల పేపర్లోనే తప్పింది.

నేనేం చేశానో దాచను. చేతిలో సెల్లు లాక్కుని బీరువాలో పెట్టా. "దీన్ని పట్టుకు కూర్చుంటే చదువెక్కడ వస్తుంది" అన్నా. మా అమ్మయితే "చదువు వంటబట్టని పిల్లను ఎందుకు తిప్పుతావు, సంబంధాలు చూడు" అంది. నేను కాదనలేదు. ఆ మాట అమ్మాయి విన్నది.

చదవకపోవడం అంటే సరే. తను తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చునేది. గంట తర్వాత చూస్తే అదే పేజీ. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేది. పరీక్షలు వారం ఉందనగా కడుపునొప్పి, అన్నం సహించకపోవడం, పొద్దున్నే వాంతులు. ఆర్‌ఎంపీ గ్యాస్ బిళ్లలు ఇచ్చాడు. అది గ్యాస్ కాదు, భయం.

పట్టుకుంది కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడమ్. క్లాసులో ఏది అడిగినా చెప్పే పిల్ల పేపర్లో సగం ఖాళీ ఎందుకు వదిలేస్తోందని ఆమెకు అనుమానం వచ్చింది. ఒకరోజు పిలిచి, ఫెయిలైన పేపర్లోని ప్రశ్నలు తనే పైకి చదివి, నోటితో జవాబు చెప్పమంది. అన్నీ చెప్పిందట. "నీకు చదువు రాకపోవడం కాదు, చదవడం కష్టం. రెండూ వేరు" అని నాకు ఫోన్ చేయించింది. గుంటూరులో పరీక్ష చేయించమంది.

అక్కడ సైకాలజిస్టు గారు రెండు రోజులు పరీక్షలు పెట్టి డిస్లెక్సియా అన్నారు. తెలివితేటలు బాగానే ఉన్నాయి. చదివే వేగం మాత్రం ఐదో తరగతి పిల్లలంత ఉంది. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతా. నోటి శబ్దానికీ కాగితం మీది అక్షరానికీ మెదడులో పడాల్సిన ముడి గట్టిగా పడదు. అందుకే మనకు చూడగానే తెలిసిపోయే మాట వాళ్లకు ప్రతిసారీ కొత్తమాటే. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కంటి జబ్బూ కాదు, అద్దాలు పెట్టినా పోదు. వయసుతోనూ పోదు. కానీ వేరే దారుల్లో నేర్చుకోవచ్చు.

ఇంటర్ దాకా ఎలా నెట్టుకొచ్చిందని అడిగా. తెలుగు మీడియం కాబట్టి అన్నారు. తెలుగులో అక్షరం ఎలా ఉంటే అలాగే పలుకుతాం. ఒత్తులు, దీర్ఘాలు జారిపోయినా నెమ్మదిగా లాక్కొచ్చింది. డిగ్రీలో అంతా ఇంగ్లీషు. రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి. అక్కడ బండి దిగబడింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తా.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఇలాంటి నేర్చుకునే ఇబ్బంది కూడా అందులో ఒకటి. 40 శాతం, ఆ పైన అని సర్టిఫికెట్ ఉంటే, కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో స్క్రైబును, అంటే మనం చెబితే రాసేవాళ్లను, తీసుకునే వీలు అప్పట్లో ఉండేది. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఎక్కువ టైం ఇవ్వాలి. మూడు గంటల పేపరైతే నాలుగు గంటలు. ఇదంతా ఆగస్టులోనే మేడమ్ చెప్పింది. సచివాలయంలో సదరం స్లాటు బుక్ చేయించుకోమంది.

నేను మూడు నెలలు నాన్చాను. ఆడపిల్లకు వికలాంగుల సర్టిఫికెట్ అంటే రేపు సంబంధాలు వస్తాయా అని. మా అమ్మ "లేని అవిటితనం పిల్లకు అంటగడతారా" అని ఏడ్చింది. నవంబర్లో మూడో సెమిస్టర్ పరీక్షలు ఏ సాయమూ లేకుండానే రాసింది. మరో రెండు పోయాయి. ఫలితాలు వచ్చిన రోజు తను ఏడవలేదు. "నాన్నా, నేను ఫెయిలైతే పరువు పోదు గానీ, కాగితం తెచ్చుకుంటే పోతుందా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయా. మర్నాడే స్లాటు బుక్ చేయించా.

మన దగ్గర మెరక చేనుకు కాలవ నీళ్లు ఎక్కవు. అది చేను తప్పని ఎవరూ అనరు, మోటారు పెట్టి తోడతారు. మోటారు పెట్టినందుకు ఎవరూ సిగ్గుపడరు. ఈ ముక్క మా అమ్మకు చెబితే చాలాసేపు ఏం మాట్లాడలేదు గానీ, సదరానికి వెళ్లే రోజు తనే పెరుగన్నం కట్టిచ్చింది.

సర్టిఫికెట్ వచ్చేలోపే మేడమూ సైకాలజిస్టు గారూ ఫోన్లో ఏమేం వాడుకోవాలో నేర్పారు. బీరువాలో పెట్టిన సెల్లు నేనే తీసి ఇచ్చా. ఇవి చాలామంది ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి. మాకైన ఖర్చు ఇయర్‌ఫోన్లకు 400 రూపాయలు.

ఒకటి, చదివించుకోవడం. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. అందులో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేస్తే తెర మీద తాకిన చోట నుంచి పైకి చదువుతుంది. తెలుగు కూడా చదువుతుంది. వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పీడీఎఫ్ పాఠాలైతే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో తెరిచి రీడ్ ఎలౌడ్ నొక్కితే, చదువుతున్న మాట మీద రంగు కదులుతూ పోతుంది. చెవీ కన్నూ ఒకే మాట మీద ఉంటాయి. మా అమ్మాయికి ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

రెండు, కాగితం పుస్తకం. గూగుల్ లెన్స్‌తో పేజీ ఫొటో తీసి, అక్షరాలు ఎంచుకుని లిజన్ నొక్కితే చదువుతుంది. అచ్చు అక్షరాలైతే బాగా పడుతుంది. చేతిరాత నోట్సుకు మాత్రం తడబడుతుంది, సూత్రాలు, బొమ్మలు ఉన్న పేజీ అయితే గందరగోళమే. వాటికి మనిషి కావాలి. తన స్నేహితురాలు ఒకమ్మాయి చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేది.

మూడు, చెప్పి రాయించుకోవడం. కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. జవాబు ముందు తెలుగులో చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషులో చెప్పి, మళ్లీ దాన్ని ఫోన్ చేత చదివించుకుని తప్పులు దిద్దుకునేది.

నాలుగు, పాఠం రికార్డు. లెక్చరర్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల క్లాసులు రికార్డు చేసుకుంది. ఇద్దరు ఒప్పుకోలేదు. అడగడమైతే అడిగింది.

అక్షరం సైజు పెంచి, లైన్ల మధ్య ఎడం పెంచితే కూడా తనకు కొంచెం తేలికైంది. ఇది అందరికీ ఒకేలా ఉండకపోవచ్చు, ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

ఫోన్ ఇచ్చినంత మాత్రాన భయం పోలేదు. మొదటి నెల ఊరికే గంటలు గంటలు వినేది, సాయంత్రానికి ఏదీ గుర్తుండేది కాదు. అప్పుడు మా కల్లంలో ఒక పద్ధతి కుదిరింది. మిర్చి ఎండబోసి తాలుకాయ ఏరుతుంటాం కదా. తను చెవిలో పెట్టుకుని ఇరవై నిమిషాలు వింటూ ఏరేది. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసేసి, విన్నది మాకు చెప్పాలి. నాకూ వాళ్లమ్మకూ ఏం తెలియదు కాబట్టి అడ్డమైన ప్రశ్నలన్నీ అడిగేవాళ్లం. "ఆకుకు నోరెక్కడుంటుందే" అని వాళ్లమ్మ అడిగితే పత్రరంధ్రాల గురించి చెప్పింది. మాకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే ఆ పాఠం వచ్చినట్టే. కాలేజీ బస్సులో పోనూ రానూ రెండు గంటలు కూడా ఇలాగే కలిసొచ్చింది.

మరి పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరు. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, మేమూ చేయబోయాం. ఏడాదంతా ఫోన్‌తో చదివి, పరీక్షరోజు ఎవరో తెలియని స్క్రైబు ముందు కూర్చుంటే నోరు పెగలదు. చెప్పి రాయించడం అనేది వేరే పని. ఎంత వేగంగా చెప్పాలి, ఎక్కడ ఆగాలి, స్పెల్లింగు ఎప్పుడు చెప్పాలి, బొమ్మ ఎలా గీయించాలి, ఇవన్నీ అలవాటు కావాలి. కంప్యూటర్ మీద రాసే అవకాశం కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది గానీ మా దగ్గర ఆ ఏర్పాటు కాలేదు. మనమే స్క్రైబును తెచ్చుకుంటే, వాళ్ల చదువు మన పిల్లకన్నా ఒక మెట్టు కింద ఉండాలని అప్పటి నిబంధన. మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒప్పుకుంది. నెలన్నర పాటు ఆదివారాలు మా అరుగు మీద ఇద్దరూ పాత ప్రశ్నపత్రాలతో, గడియారం పెట్టుకుని రాశారు. మొదటి ఆదివారం పోట్లాడుకున్నారు. మూడో ఆదివారానికి జట్టు కుదిరింది.

ఏప్రిల్లో పరీక్షలు. మొదటిరోజు పొద్దున మళ్లీ వాంతి అయింది. నేను "ఏం కాదులే" అనలేదు, ఆ మాట వల్ల ఎవరికీ భయం పోదు. "నాలుగు గంటలు ఉన్నాయి, ప్రశ్న చదివేవాళ్లు ఉన్నారు, నీకు తెలిసింది నువ్వు చెబుతావు" అన్నా. పాత రోజుల్లో ప్రశ్నపత్రం చదువుకోవడానికే తనకు ముప్పావుగంట పోయేది. ఆ ముప్పావుగంట ఈసారి మిగిలింది. బయటికొచ్చి మొదట అన్నమాట "నాన్నా, ఆకలేస్తోంది." పరీక్షల రోజుల్లో ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

అద్భుతాలేం జరగలేదు. ఆ సెమిస్టర్ పేపర్లన్నీ పాసయింది, పాత బాకీల్లో మూడు తీరాయి, రెండు మిగిలాయి. ఒకటి నాలుగు మార్కుల్లో పోయింది. మళ్లీ రాస్తుంది. వృక్షశాస్త్రం పాసయింది, 61 మార్కులు. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పింది తనే.

ఇంకొక్క సంగతి. గుంటూరులో ఆ సైకాలజిస్టు గారు నన్ను అడిగారు, "మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇలా ఉందా? ఇది వంశంలో నడవడం మామూలే" అని. నేను నేల చూశా. ఏడో తరగతిలో నేను బడి మానేసింది పశువులు కాయడానికని అందరికీ చెబుతా. నిజం అది కాదు. ఒత్తులు తప్పు రాస్తున్నానని రోజూ వేళ్ల మీద బెత్తం పడేది. ఇక వెళ్లలేక మానేశా. ఈ పోస్టులన్నీ నేను రాసేవి కావు, మైకు నొక్కి చెప్పేవి. "కల్లంలో కాయలు" అంటే "కలంలో కాయలు" అని పడినప్పుడు మీరంతా నవ్వారు, ఫోన్ సరిగా పనిచేయడం లేదని బొంకా. ఫోన్ బాగానే ఉంది. పడినదాన్ని చదివి దిద్దుకోవడమే నాకు కష్టం. ఇప్పుడు మా అమ్మాయీ నేనూ ఇద్దరం పోస్టును ఫోన్ చేత చదివించుకుని, విని దిద్దుతున్నాం.

నాకు ముప్పై ఏళ్ల కిందట ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లకు తెలిసింది. మీ పిల్లలకు ఇంకా ముందే తెలియాలి. నోటితో గడగడా చెప్పే పిల్ల కాగితం ముందు మూగబోతుంటే బద్ధకం అని తేల్చేయకండి. పరీక్షలు ఎదురుగా వచ్చాక పరుగెత్తితే లాభం లేదు, సర్టిఫికెట్‌కు నెలలు పడుతుంది, ఫోన్ అలవాటుకు నెలలు పడుతుంది. సెమిస్టర్ మొదట్లోనే కాలేజీలో కాగితం పెట్టించండి. 40 శాతం లోపు వచ్చినా నిరాశపడకండి. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత, రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్లకు 40 శాతం లోపైనా స్క్రైబు, ఎక్కువ టైం ఇచ్చేలా 2022లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

సంబంధాల సంగతి అడిగేవాళ్లకు ముందే చెబుతున్నా. మా అమ్మాయి ఇంకా చదువుతోంది. ఎమ్మెస్సీ చేస్తానంటోంది. ఆ సర్టిఫికెట్ బీరువాలో పొలం కాగితాల పక్కనే ఉంది, దాచిపెట్టలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతా. రాయడం ఇబ్బందైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. నాకూ అదే తేలిక.